తెరిచి ఉంచిన లైను

మా మనవరాలు యూనివర్సిటీలో ఏటి నీళ్ల మీద పరిశోధన చేస్తుంది. ఏటికి ఎగువన ఇంకో యూనివర్సిటీ ఉంది. నీళ్లలో ఎంత బురద కొట్టుకొస్తుందో అక్కడ ఒక సారు కొలిపిస్తారు, ఇక్కడ మా పిల్ల కొలుస్తుంది. రెండూ కలిస్తేనే లెక్క. ఆయన సాయం లేకపోతే దీని చదువు నడిమధ్యలో ఆగినట్టే.

రెండు యూనివర్సిటీల మధ్య ఇంటర్నెట్టులో ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకోవడం ఉచితం. బిల్లు లేదు, ఎవరినీ అడిగే పని లేదు. దాంతో పొద్దున గది తాళం తీయగానే లైను కలిపి, సాయంత్రం దాకా అలాగే వదిలేసేవాళ్లు. ఒకే గదిలో కూర్చున్నట్టు ఉండేది. ఇక్కడ మా పిల్ల తుమ్మితే అక్కణ్నుంచి సారు "చిరంజీవ" అనేవారు.

కుట్టుపని మానేశాక, మధ్యాహ్నం దానికి క్యారేజీ పట్టుకెళ్లడం నా పని అయింది. తినేటప్పుడు అవతలివాళ్లు చూస్తుంటే ముద్ద దిగదు కదా. అందుకని ఆ వేళకి రెండు వైపులా కెమెరా మీద గుడ్డ కప్పేవాళ్లు. ఇక్కడి కెమెరాకి నేనే ఎలాస్టిక్ పెట్టి చిన్న టోపీ కుట్టిచ్చాను. టోపీ వేసేముందు సారు నన్ను చూసి, "ఏం పెద్దాయనా, ఎండలో పడి వచ్చారా?" అని పలకరించేవారు.

ఆయనది నిదానం మాట. నాకంటే నిదానం. అంకె చెప్పి, ఆగి, మళ్లీ అదే అంకె చెప్పేవారు. మా పిల్ల ఆయనకి నత్తసారు అని పేరు పెట్టింది.

ఆ రోజు టోపీ వేసి తింటున్నాం. పక్కగదిలో చదివే కళ్లజోడు పిల్ల వచ్చింది.

"ఏమే, మీ నత్తసారు ఎందాకా వచ్చాడే?"

"ఇంకా ఎనిమిది దగ్గరే పాకుతున్నాడు." మా పిల్ల లేచి, మెడ ముందుకు చాచి, కళ్లు సగం మూసింది. "ఎ... ని... మి... ది. ఊఁ... అవునమ్మా... ఎనిమిదే."

అచ్చం ఆయనే. కళ్లజోడు పిల్ల బల్ల మీద పడి నవ్వింది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను.

"లెక్కలన్నీ చేతికొచ్చేదాకా ఓర్చుకుంటే చాలే. తర్వాత ఆయనతో పనేముంది? పేపరు నేనే రాసి అచ్చేయించుకుంటా. దాని మీద ఆయన పేరు కూడా ఎందుకసలు?"

"పాపమే!"

"పాపమేంటి? కొలిచేది వాళ్ల కుర్రాళ్లు. ఈయన చదివి వినిపించడమేగా!"

అప్పుడు కుర్చీ కిర్రుమంది. మా గదిలో కుర్చీ కాదు.

గుడ్డ కప్పింది కళ్లకే కానీ చెవులకి కాదన్న సంగతి మాకు అప్పటిదాకా తట్టలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా... తినడం అయ్యాక చెప్పు. తర్వాతది చదువుతాను" అన్నారు సారు. ఎప్పటి గొంతే.

మా పిల్ల నన్ను వరండాలోకి లాక్కెళ్లింది. "తాతా, విన్నాడంటావా?"

"వినకేం తల్లీ. మనమేమన్నా గుసగుసలాడామా?"

లోపలికి వెళ్లి టోపీ తీసింది. "సార్, ఇందాక మేము ఇక్కడి వాచ్‌మన్ గురించి అనుకుంటున్నాం..."

"అలాగా అమ్మా" అన్నారు సారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఖాళీ క్యారేజీ తీసుకుని, చెప్పకుండా వచ్చేశాను.

సాయంత్రం మా పిల్ల ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుంది. మిగిలిన లెక్కలన్నీ సారు ఒక్కసారే పంపేశారట. "ఇక నిన్ను కూర్చోబెట్టి చదవక్కర్లేదు. నా పేరు వద్దు కానీ, మా పిల్లల పేర్లు పెట్టు, ఏట్లో దిగి కొలిచారు" అని చెప్పి లైను తీసేశారట.

"నేను కోరిందే కదా తాతా ఇచ్చాడు" అంది. అన్నానికి లేవలేదు.

"రేపు ఇద్దరం మాట్లాడదాం."

"నువ్వెందుకు?"

"నా నవ్వు కూడా నువ్వే నవ్వావా?"

పొద్దున ఇద్దరం వెళ్లాం. ఇదివరకులా లైను కలిసి లేదు. చాలాసేపు మోగాక సారు ఎత్తారు.

"వాచ్‌మన్ కాదు సార్. మిమ్మల్నే అన్నాను" అంది. నేనూ తెర ముందుకు జరిగాను.

"నవ్వింది నేను సారూ. మీకంటే నేనేదో చురుకైనవాణ్ని అయినట్టు నవ్వాను!"

"మీ నవ్వు నాకు తెలుసు పెద్దాయనా" అన్నారు. తిట్టినా బాగుండేది.

మా పిల్ల ముక్కు తుడుచుకుని, "మీ పేరే ముందు పెడతాను సార్" అంది.

"ముందు నీదే ఉండాలి. కష్టం నీది. మా పిల్లల తర్వాత, చివర్లో నాది పెట్టు." కాగితం తిప్పిన చప్పుడైంది. "పంపినవాటిలో ఒకచోట తప్పుంది. చూద్దామా?"

చూశారు. తప్పు దిద్దుకున్నారు. నేను గోడవారన నిలబడే ఉన్నాను, కూర్చోమని ఎవరూ అనలేదు.

పరిశోధన ఆగలేదు. మా పిల్ల పిలిచినప్పుడల్లా సారు పలుకుతారు, అడిగింది చెబుతారు. పని కాగానే "ఉంటానమ్మా" అని పెట్టేస్తారు. లైను ఇప్పటికీ ఉచితమే. రోజంతా ఉంచండి సార్ అని అడగడానికి మా ఇద్దరికీ మొహం చెల్లడం లేదు.