మొదటి కాలు

హన్మాండ్లు ఎదురు మంచిది కాదని వాళ్ల ఊరు ఏనాడో తేల్చేసింది. అతనికి ఇరవై ఏళ్లప్పుడు భోజన్న అనే ఆసామి కొత్త బండి మీద ఆర్మూరు బయలుదేరితే, ఇతను భుజాన పార వేసుకుని ఎదురొచ్చాడు. నాలుగు కిలోమీటర్లు పోయాక భోజన్నను లారీ గుద్దింది. ఇక అంతే. పెళ్లిచూపులకు పోయేవాళ్లూ, విత్తనాలకు పోయేవాళ్లూ ఇతను సందు మలుపు తిరిగేదాకా గడపలోనే ఆగిపోయేవారు. ఒక్కరూ ముఖాన అనలేదు. అంటే బాగుండేది, తిరగబడి నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేవాడు. సౌదీకి బయలుదేరిన రోజు కూడా ఎవరి కంటా పడకుండా పొద్దు పొడవకముందే ఊరు దాటాడు.

అలాంటి మనిషి రియాద్‌లో తెల్లవాళ్లుండే ఒక కాంపౌండులో ప్లంబరుగా కుదిరాక, రెండేళ్లు తిరక్కుండానే కాలు మంచి మనిషి అయిపోయాడు. అలా చేసింది పద్నాలుగో విల్లాలో ఉండే మిస్టర్ డూగల్.

డూగల్‌ది స్కాట్లండు. ఎర్రజుట్టు, భారీ మనిషి, నవ్వితే కిటికీ అద్దాలు అదిరేవి. పక్కన పదిహేనో విల్లాలో ఉండే జెఫ్రీది ఇంగ్లండు. సన్నగా, మొక్కజొన్న పీచు రంగు జుట్టుతో, మాట కూడా కొలిచి మాట్లాడేవాడు. ఇద్దరూ ఒకే కంపెనీలో ఇంజనీర్లు, ఇద్దరూ ఒంటరివాళ్లు, రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మొదటి నెలలో హన్మాండ్లు తెలియక ఇద్దరినీ కలిపి "ఇంగ్లీషు సార్లు" అన్నాడు. డూగల్ చేతిలో చెంచా కింద పెట్టి, గోడ మీది మ్యాపు దగ్గరికి చేయి పట్టుకుని తీసుకుపోయి, ఎక్కడ గీత ఉందో వేలితో చూపించాడు. ఆ సంగతి బస్సులో చెప్తే డ్రైవరు ముస్తాక్ పడీపడీ నవ్వాడు. ముస్తాక్‌ది కడప.

"నిన్ను ఎవురన్నా ఆంధ్రోడా అంటే నువ్వు ఊరుకుంటావా? ఆయప్ప కూడా అంతే."

అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత హన్మాండ్లుకు అంతా అర్థమైంది. డూగల్ జావలో ఉప్పు వేసుకుంటాడు, జెఫ్రీ చక్కెర వేసుకుంటాడు, ఒకరిది ఒకరికి పశువుల తిండి. ఇంగ్లండుకూ ఇండియాకూ క్రికెట్ జరిగితే, బ్యాటు పట్టుకోవడం కూడా రాని డూగల్ ఇండియా వైపు కేకలు వేసేవాడు. శుక్రవారం పొద్దున డూగల్ తోలుతిత్తి బూర ఊదితే జెఫ్రీ ఆఫీసులో ఫిర్యాదు రాయించేవాడు. జెఫ్రీ గులాబీల వేర్లు తన డ్రైనేజీ పైపులో దూరాయని డూగల్ రాయించేవాడు. రెండు కాగితాలూ హన్మాండ్లు చేతికే వచ్చేవి. డూగల్ నడుము పట్టేసి వారం మంచం మీద ఉన్నప్పుడు మాత్రం పూటపూటా జావ మోసుకొచ్చింది జెఫ్రీయే. అందులో చక్కెర కలిపి తెచ్చేవాడు, అది వేరే సంగతి.

ఇక కాలు సంగతి. స్కాట్లండులో కొత్త సంవత్సరం వచ్చాక ఇంట్లో మొదట ఎవరు కాలు పెడితే, ఆ ఏడాది మంచీచెడూ వాళ్లను బట్టే ఉంటుందట. వచ్చేవాడిది నల్లజుట్టు అయి ఉండాలి. చేతిలో బొగ్గు, ఉప్పు, రొట్టె ఉండాలి. లోపల ఉన్నవాళ్లే తలుపు తీసి పిలవాలి. ఎర్రజుట్టువాడో జెఫ్రీలాంటి పచ్చజుట్టువాడో ముందు అడుగు పెడితే ఆ ఇంటికి కీడు. డూగల్ ఇదంతా చెప్తుంటే హన్మాండ్లుకు ఇంగ్లీషు సగమే అర్థమైంది గానీ విషయం మొత్తం అర్థమైంది.

వాళ్ల దేశంలో అది అర్ధరాత్రి జరిగే తంతు. ఇక్కడ పనివాళ్ల బస్సు వచ్చేది పొద్దున ఆరింటికి కాబట్టి, డూగల్ అప్పటిదాకా తలుపు వేసుకుని కూర్చునేవాడు. దానికి ముందు శుక్రవారం హన్మాండ్లు బతా బజారుకు వెళ్లి హుక్కా బొగ్గు కొనేవాడు. ఒకటో తారీఖున ఉప్పు పొట్లం, ఖుబ్బూస్ రొట్టెతో తలుపు తట్టేవాడు. ఎవరూ ఎదురు పడకూడదనుకునే మనిషి కోసం ఒకడు నిద్ర మానుకుని ఎదురుచూడటం అంటే ఏమిటో హన్మాండ్లుకే తెలుసు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకునేవాడు. జెఫ్రీ దాన్ని మూఢనమ్మకం అని వెక్కిరించేవాడు. వెక్కిరిస్తూనే, ఇతను పద్నాలుగులోంచి బయటికి రాగానే, తన ఇంట్లో కూడా ఒకసారి కాలు పెట్టి పొమ్మనేవాడు. ఎనిమిదేళ్లు జెఫ్రీది రెండో స్థానమే.

పోయిన ఏడాది ఒకటో తారీఖున హన్మాండ్లు బస్సు దిగేసరికి జెఫ్రీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రగ్బీలో ఇంగ్లండు ఓడిపోయిందని డూగల్ ఆ స్కోరు కాగితం పదిహేనో విల్లా తలుపుకు అంటించి నెలల తరబడి తీయనివ్వలేదు. దానికి బదులు తీర్చుకోవాలి. ఆ సంచి ఇలా ఇవ్వు, ఈసారి నేను వెళ్తాను, అతని ముఖం చూడాలి అన్నాడు జెఫ్రీ, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. హన్మాండ్లు ఒక్క క్షణం సంచి వదల్లేదు. అయినా తానూ నవ్వి సంచి ఇచ్చేశాడు. పెద్దవాళ్ల ఆట, మధ్యలో మనమెవరం అనుకున్నాడు.

డూగల్ తలుపు తీశాడు. పచ్చజుట్టు మనిషి అప్పటికే గడప లోపల ఉన్నాడు. జెఫ్రీ ఒక్కడే నవ్వాడు. డూగల్ ముఖంలో రక్తం ఇంకిపోవడం హన్మాండ్లు మెట్ల కింద నుంచి చూశాడు. ఆయన సంచి అందుకుని, జెఫ్రీ బయటికి వచ్చాక మెల్లగా తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం తోటలో హన్మాండ్లు కనిపించినప్పుడు, "ఆలస్యం చేశావయ్యా," అన్నాడు, అంతే. జెఫ్రీ రెండుసార్లు తలుపు తట్టి క్షమాపణ చెప్పబోయాడు గానీ తలుపు తెరుచుకోలేదు.

నలభై రోజులు తిరగలేదు. పద్నాలుగులో రాత్రి నుంచీ నీళ్లు పారుతూనే ఉన్నాయని జెఫ్రీ ఆఫీసుకు ఫోను చేశాడు. డూప్లికేట్ తాళంచెవితో లోపలికి వెళ్లింది హన్మాండ్లే. బాత్‌రూములో కొళాయి పూర్తిగా తిప్పి ఉంది. పక్కనే డూగల్ ఒరిగి ఉన్నాడు, ముఖం కడుక్కోబోయిన చేతులు అలాగే ఉన్నాయి. ఆయన గుండె ఎప్పటినుంచో బాగాలేదని, మందులు వాడుతున్నాడని తర్వాత అందరూ చెప్పారు. హన్మాండ్లుకు ఆ మాట చెవికెక్కలేదు. ఊళ్లో భోజన్నను గుద్దిన లారీ డ్రైవరు కూడా తాగి ఉన్నాడట. దానివల్ల తనకేం ఒరిగింది?

శవాన్ని వాళ్ల దేశం పంపారు. పద్నాలుగో విల్లాకు నీళ్లు కట్టేశారు. పైన ట్యాంకు ఖాళీ చేసి, వాల్వు బిగించి, ఆ పనీ హన్మాండ్లే చేశాడు. ఏప్రిల్లో జెఫ్రీ నుంచి ఫిర్యాదు వచ్చింది. గోడ అవతల నీళ్లు పారుతున్నాయి.

వెళ్లి చూశాడు. ఎండిపోయిన కొళాయి, బేసిను నిండా దుమ్ము. సరే, పైపులో గాలి అనుకున్నాడు. పదిహేనులోకి వచ్చి గోడ దగ్గర నిలబడితే స్పష్టంగా వినిపించింది. ఎవరో కొళాయి మొత్తం తిప్పి వదిలేసిన చప్పుడు. సూపర్‌వైజర్ను పిలిస్తే అతనికి ఏమీ వినపడలేదు. ఇద్దరికీ చెవులు చూపించుకోమని సలహా ఇచ్చి పోయాడు. అప్పటినుంచి నెలకు మూడు నాలుగు సార్లు జెఫ్రీ కబురు పెట్టేవాడు. హన్మాండ్లు వెళ్లేవాడు. పదిహేనులో ఇద్దరూ పక్కపక్కన గోడకు చెవి ఆనించేవారు.

"నీకూ వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది సార్."

 జెఫ్రీ సగమైపోయాడు. చొక్కా కాలరులో మెడ కొయ్యలా కనిపించేది. వినిపించేది తప్పు చేసిన ఇద్దరికే అని హన్మాండ్లుకు రూఢి అయిపోయింది. క్యాంపు గదిలో పడుకున్నా చెవిలో అదే చప్పుడు. ఫోనులో భార్య శ్రీలత గొంతును బట్టే పట్టేసింది.

"ఏమైంది, గట్ల మాట్లాడుతున్నవ్?"

"ఏం లేదే. నిద్ర పడ్తలేదు."

"పానం మంచిగ లేకుంటే వచ్చెయ్. గాడ ఎవరున్నరు నీకు?"

వచ్చేస్తే ఆ చప్పుడు కూడా వెంట వస్తుందేమోనని భయం. వేరే మాట మాట్లాడి ఫోను పెట్టేశాడు.

డిసెంబరు చివరి రోజు మోటారు షెడ్డు దగ్గరికి జెఫ్రీ తానే నడిచి వచ్చాడు. రేపు బొగ్గు తెస్తావా అని అడిగాడు. తెస్తాను అన్నాడు హన్మాండ్లు. ఎప్పటిలాగే ముందు డూగల్ ఇంటికి వెళ్లు అన్నాడు జెఫ్రీ.

"లోపల తలుపు ఎవరు తీస్తారు సార్?"

"నేను తీస్తాను. ఈ సాయంత్రమే వెళ్లి కూర్చుంటాను. పాత సంవత్సరంలో వెళ్లినవాడిని కొత్త సంవత్సరంలో లెక్కపెట్టరు."

తాళంచెవి ఇవ్వడం తప్పు. తెలిస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. హన్మాండ్లు ఆఫీసు పెట్టెలోంచి పద్నాలుగో నంబరు తాళంచెవి తీసి ఇచ్చాడు. మర్నాడు పొద్దున బస్సులో ముస్తాక్‌కు మాత్రం చెప్పాడు. ముస్తాక్ బండి వేగం తగ్గించి అద్దంలో అతన్ని చూశాడు.

"మేము ఇట్లాంటివి నమ్మం అన్నా. అయినా ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి నేరుగా పోవాకు. మద్దెలో కాళ్లు కడుక్కో."

ఆరుంబావుకు హన్మాండ్లు పద్నాలుగో విల్లా తలుపు తట్టాడు. జెఫ్రీ తలుపు తీశాడు. సూటూ టై వేసుకుని ఉన్నాడు, రాత్రంతా కుర్చీలో కూర్చున్నాడని ప్యాంటు ముడతలే చెప్తున్నాయి. హన్మాండ్లు కుడికాలు లోపల పెట్టాడు. బొగ్గు, ఉప్పు, రొట్టె దుమ్ము పట్టిన బల్ల మీద పెట్టి, మనసులో దండం పెట్టుకున్నాడు. సార్, పోయినేడు నా చేతిలోది నేనే ఇచ్చేసిన, తప్పయింది, అనుకున్నాడు. ఇద్దరూ నిలబడి విన్నారు. ఏ చప్పుడూ లేదు. గోడలు, పైపులు, అన్నీ ఊరుకున్నాయి. జెఫ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. హన్మాండ్లుకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది, అంత హాయిగా ఉంది.

"ఇప్పుడు మా ఇంటికి," అన్నాడు జెఫ్రీ.

తోట కొళాయి దగ్గర హన్మాండ్లు కాళ్లు కడుక్కున్నాడు. జెఫ్రీ కోసం తెచ్చిన రెండో పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. జెఫ్రీ జేబులోంచి తాళంచెవి తీసి, నిన్న సాయంత్రం వేసిన తాళం తెరిచి, తలుపు కొద్దిగా తోసి పక్కకు జరిగాడు. ముందు నువ్వు అన్నట్టు చేయి చాపాడు.

లోపల నీళ్లు పారుతున్నాయి.

గాలి కాదు, భ్రమ కాదు. బేసిను నిండి కింద పడుతున్న చప్పుడు. జెఫ్రీ చేయి గాలిలోనే ఆగిపోయింది. అతని పెదాలు తెల్లబడ్డాయి.

"నీకూ వినిపిస్తోందా?"

నిన్నటి నుంచీ ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఎవరో వచ్చారు, తన కంటే ముందే వచ్చారు. ఎర్రజుట్టు మనిషి. నవ్వితే అద్దాలు అదిరే మనిషి. బదులు తీర్చుకోకుండా ఏనాడూ ఊరుకోని మనిషి. హన్మాండ్లు జెఫ్రీ వైపు చూశాడు. ఇప్పుడు అవునంటే ఈ మనిషి ఈ ఏడు దాటడు. అది అతని ముఖం మీద రాసి ఉంది. నమ్మితే చాలు, మనిషిని చంపడానికి ఇంకేమీ అక్కర్లేదని హన్మాండ్లుకు తెలుసు, ఇరవై ఏళ్లు ఊళ్లో అలాగే బతికాడు.

"ఏమీ వినిపిస్తలేదు సార్," అన్నాడు.

ఏడాదిలో అది అతను జెఫ్రీతో ఆడిన మొదటి అబద్ధం. కుడికాలు లోపల పెట్టి, వెనక్కి చూడకుండా బాత్‌రూములోకి నడిచాడు. కొళాయి చివరిదాకా తిప్పి ఉంది. ధార బలంగా వస్తోంది. ప్లంబరు కన్ను లెక్క వేసేసింది. ట్యాంకులోకి నీళ్లెక్కించే మోటారు ఏడింటికి గానీ తిరగదు, రాత్రి నుంచి ఇలా పారి ఉంటే ట్యాంకు ఎప్పుడో ఖాళీ అయ్యేది. దీన్ని తిప్పి పావుగంట కూడా కాలేదు. తాము గోడ అవతల చప్పుడు ఆగిందని బయటికి వచ్చినప్పుడే.

చేయి చాపి కట్టేశాడు. చొక్కా చేయి మోచేతి దాకా తడిసింది. మీరు గెలిచిన్రు సార్, ఇగ విడిచిపెట్టున్రి, అని గొణిగాడు.  బొగ్గు ముక్క వంటింటి గట్టు మీద పెట్టి, ఉప్పూ రొట్టే పక్కన పెట్టి, గడప దగ్గరికి తిరిగి వచ్చాడు.

"ఎవరూ లేరు సార్. ఈ ఏడు మీ ఇంట్లో మొదటి కాలు నాదే."

జెఫ్రీ అతని ముఖంలోకి చూశాడు. తర్వాత నీళ్లు కారుతున్న చొక్కా చేతి వంక చూశాడు.   టై సవరించుకుని గడప దాటి లోపలికి వచ్చాడు.