పగులు కొస

"మా ఆమెకేం పనుంటది సార్, ఇంట్ల కూసుంటది" అన్నాడు కోటేష్, ట్రాలీ యజమాని వెంకటరామారావుతో. ఆ మాట అనే సమయానికి అతని భార్య సక్రి ఆ ట్రాలీ కిందే వెల్లకిలా పడుకుని ఉంది. పగిలిన ఛాసిస్‌కు కిరోసిన్ రాసి, పైపైన తుడిచేసి, సుద్ద పూస్తోంది. పగుల్లోకి దిగిన కిరోసిన్ కాసేపటికి సుద్దలోంచి సన్నటి తడిగీతగా తేలుతుంది. ఆ గీత ఎక్కడ ఆగితే అక్కడ బెజ్జం పెట్టాలి, అప్పుడే పగులు ముందుకు పాకకుండా ఆగుతుంది. మాయదారి పగులు, కంటికి కనిపించే చోటు దాటి లోపల ఇంకాస్త పాకి ఉంటుంది. కొస తప్పితే బెజ్జం పెట్టీ లాభం లేదు. బూర్గంపాడులో వెల్డింగ్ షాపు పెట్టిన నాటి నుంచీ కొస వెతకడం, డ్రిల్లు పట్టడం సక్రి పనే. మంట పట్టేది అతను కాబట్టి మేస్త్రీ అతనే. మేస్త్రీ చేతులు కడుక్కునేసరికి కంచంలో అన్నం ఉండాలి. సుద్ద చేతుల మనిషి ఆ అన్నం ఎప్పుడు వండిందో ఎవరికీ పట్టదు.

ఇంకోరోజైతే ఇంట్ల కూసుంటదన్న ఆ మాటకు ఆమె మనసు చివుక్కుమనేది. ఇవాళ చెవికే ఎక్కలేదు. పొద్దున్నే తమ్ముడు భద్రు ఎదురుకొట్టులోని ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు. యాడిని, అంటే అమ్మను, పెనుబల్లి దవాఖానాలో చేర్చారట, సక్రి పేరే కలవరిస్తోందట, జల్దీ రమ్మన్నాడు. అమ్మను చూడాలని చెబితే కోటేష్ తలైనా ఎత్తలేదు. రేపు వెదురు లోడుకు ట్రాలీ ఇయ్యాలన్నాడు, ఈ ఒక్కటి అయినాక పొమ్మన్నాడు.

ఈ ఒక్కటి అయినాక! నిరుడు వానాకాలం తండ్రి లాల్‌సింగ్‌కు బాగాలేదని కబురొచ్చినప్పుడూ ఇదే మాట. అప్పుడామె బుద్ధిగా పని ముగించి, వంట చేసి, మూతలు పెట్టి మరీ బస్సెక్కింది. తండాకు చేరేసరికి అంతా మట్టి చేసి, స్నానాలు కూడా చేసి వస్తున్నారు. తండ్రి ముఖం చూడనేలేదు. పెద్దదినమైనా కాకముందే ఫోన్ చేసి, ఎన్నొద్దులు ఏడుస్తవు, షాపు నడవద్దా అన్నాడు మొగుడు. ఆ ఏడుపు ఆమెలో ఇంకా అలాగే ఉంది, తీరిక దొరక్క.

సుద్ద మీద గీత తేలింది. దారిలో ఒక పాత బెజ్జం కనిపించింది. పగులు దాని పక్కనుంచే జారుకుని చాలా ముందుకు పోయింది. సక్రి దాన్ని గుర్తుపట్టింది. ఆ బెజ్జం తనదే. తండ్రి పోయిన రోజు పెట్టింది. ఇదే ట్రాలీ.

కోటేష్ వంగి చూశాడు. అతనికీ గుర్తొచ్చింది.

"కొస చూడకుండ పెట్టినవ్. గిదేం పనే నీది?" అని యజమాని ముందే గొంతు పెంచాడు. తప్పు దొరికేసరికి, ఆమెకూ ఒక పనుందని తెలిసొచ్చింది మహానుభావుడికి.

సక్రి ట్రాలీ కిందనుంచి లేచి వచ్చింది. ఎదురు మాట్లాడటం అలవాటు లేని మనిషి, ఇవాళ నోరు తెరిచింది.

"ఆ రోజు మా బాపు పోతుండె. కండ్లనిండ నీళ్లు. కొస కానరాలే."

వెంకటరామారావు చూపు తిప్పుకున్నాడు. కోటేష్ "సరే, ఇప్పుడన్న సక్కగ చూసి పెట్టు" అన్నాడు, మెల్లగానే.

సక్రి డ్రిల్లు తీసి అతని చేతిలో పెట్టింది. చేతుల సుద్ద చీరకు తుడుచుకుంది.

"ఇయ్యాల గూడ కానొస్తలేదు" అని, బస్సులు ఆగే దిక్కు నడిచింది.