ఒళ్ళో పట్టని పిల్ల

సాల్జ్‌బర్గ్ నుంచి వచ్చిన ఆరేళ్ల మొజార్ట్ పిల్లవాడు వియన్నాలో క్లావియర్ అనే మీటల వాద్యం వాయించి, ఆ ఊపులో మహారాణి ఒళ్ళోకి ఎక్కి కూర్చున్నాడని చెప్పుకుంటారు. ఎక్కాడో లేదో చూసినవాళ్లకే తెలియాలి. కానీ ఆ కబురు విన్నప్పటి నుంచి మా దేశంలో చేతిలో వాద్యం ఉన్న ప్రతి తండ్రికీ మతి పోయింది. ఇంట్లో బిడ్డ పుట్టడం ఆలస్యం, ముందు వేళ్లు చూసేవాళ్లు. నిలబడటం రాగానే క్లావియర్ ముందు కూలేసేవాళ్లు. ఊళ్లు తిప్పేటప్పుడు వయసు రెండేళ్లు తగ్గించి చెప్పేవాళ్లు. చివర్లో దొరసానుల ఒళ్ళోకి ముద్దుగా ఎలా ఎక్కాలో కూడా నేర్పించేవాళ్లు, సిగ్గు లేకుండా.

పాసౌ బిషప్ గారి కొలువులో బాకా ఊదే క్రిస్పిన్ హోల్ట్సర్ వీళ్లందరినీ మించిపోయాడు. ఆయన కూతురు వాల్‌బుర్గాకి పదమూడేళ్లు. ఊరూరా ఆయన చెప్పేది తొమ్మిది.

పిల్ల పెరగకుండా ఆపే మందు ఎక్కడా దొరకదు. ఆయనకు తోచిన ఉపాయం ఒక్కటే, తిండి తగ్గించడం. పొద్దున సగం రొట్టె, సాయంత్రం నీళ్ల లాంటి సూపు. మిగిలిన సగం గుడ్డలో చుట్టి తన కోటు జేబులో పెట్టుకునేవాడు. రాక్షసుడనుకోకండి. ఆయనా అంతే తినేవాడు. కూతురు చూస్తుండగా ఆయనకు ముద్ద దిగేది కాదు.

కడుపు మాడ్చినంత మాత్రాన వయసు ఆగుతుందా? ఆ చలికాలం వియన్నాలో దిగాక, బస ఇచ్చిన ఇంటావిడ పిల్ల గౌను కుట్లు విప్పి వదులు చేయాల్సి వచ్చింది. వైసెన్‌టాల్ కౌంటెస్ అనే దొరసాని గారింటికి బయలుదేరే ముందు ఆవిడే పిల్ల ఛాతీకి గుడ్డపట్టీ గట్టిగా బిగించి కట్టింది.

"ఊపిరాడట్లేదు నాన్నా."

"ఈ ఒక్క పూట ఓర్చుకోవే అమ్మడూ. కౌంటెస్ గారు ఒక్క మాట వేశారంటే మహారాణి గారి ముందే వాయిస్తాం. వెయ్యలేదో, మనకి వెనక్కి పోడానికి కూడా చోటు లేదు. సెలవు దాటి ఉండిపోయానని నా బాకా ఇంకొకడికి ఇచ్చేశార్ట."

"మరి నేను రాసిన సొనాటా వాయించనా?"

"వాయించు. ఎవరిదని అడిగితే మాత్రం నోరు మెదపకు."

"నాదే కదా!"

"నీదే. నా భయమూ అదే."

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పేరు మోసిన సంగీతకర్త హైడన్ గారి అచ్చయిన సొనాటాలు ముందేసుకుని రాయడం నేర్చుకున్న పిల్ల అది. ఒక చిన్న మాట అడిగినట్టు అడిగి, ఠక్కున ఆగి, జవాబు వేరే గొంతుతో చెప్పించడం ఆయన దగ్గర పట్టింది. కాకపోతే, ఆయన నవ్వించడానికి ఆగే చోట ఈ పిల్ల ఏడుపు దిగమింగడానికి ఆగింది. నిరుడు తల్లి పోయాక రాసిన సొనాటాలో నెమ్మదిగా సాగే భాగం అది. దాన్నెవరైనా మనసుపెట్టి వింటారా అన్నదొక్కటే దాని ఆశ. మహారాణి ఒడి దానికి అక్కర్లేదు.

కౌంటెస్ గారి హాలులో ముందు గారడీలన్నీ అయ్యాయి. క్లావియర్ మీటల మీద గుడ్డ కప్పి వాయించమన్నారు, వాయించింది. ఒక దొర ఏదో పాట ఈలవేస్తే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి అల్లి చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. పాకం పట్టిన పండు ఒకటి ఎవరో నోటికి అందించబోతే తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. పిల్ల వద్దంది.

తర్వాత నెమ్మది భాగం మొదలుపెట్టింది. విసనకర్రలు ఆగిపోయాయి. మధ్యలో ఆగాల్సిన చోట ఆగినప్పుడు హాలంతా దానితో పాటు ఊపిరి బిగబట్టింది. వాల్‌బుర్గాకి ఒళ్లు జలదరించింది. వింటున్నారు, నిజంగానే వింటున్నారు!

అయిపోయాక ముందుగా లేచినవాడు ష్ట్రాట్నర్, కౌంటెస్ పిల్లలకు సంగీతం చెప్పే ముసలాయన. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమయ్యా హోల్ట్సర్, ఈ నెమ్మది భాగం ఎవరిది? హైడన్ గారి చెయ్యి కనబడుతోంది గానీ, ఆయనది కాదు."

తండ్రి నసిగాడు. "ఏదో... పిల్ల సరదాగా..."

"చాల్లేవయ్యా! వాయించిందంటే నమ్ముతాను. తొమ్మిదేళ్ల పిల్ల ఇది రాసిందంటే నమ్మడానికి నా చెవిలో పువ్వుందా? దీనికింత దుఃఖం ఎక్కణ్ణుంచొస్తుంది? నువ్వు రాసి పిల్ల పేరు పెట్టావు, అంతేనా?"

హాలంతా హోల్ట్సర్ వైపు తిరిగింది. పిల్లదే అంటే వయసు కూపీ లాగుతారు. తనదంటే వయసు దక్కుతుంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయాడు మనిషి.

"చిత్తం. నేనే రాశానండి."

వాల్‌బుర్గా గుండెలో ఏదో తెగింది. ఆకలి ఓర్చుకుంది, గుడ్డపట్టీ ఓర్చుకుంది. ఇది మాత్రం దాని వల్ల కాలేదు. అమ్మ కోసం రాసుకున్నది అది.

ఇంతలో కౌంటెస్ ముచ్చటపడి చేతులు చాచింది. "ఎవరు రాస్తేనేం, ఎంత బాగా వాయించావే చిట్టీ! రా, ఆ సాల్జ్‌బర్గ్ పిల్లాడిలా వచ్చి ఒళ్ళో కూర్చో."

పిల్ల కదల్లేదు.

"సిగ్గండీ దానికి," అన్నాడు తండ్రి నవ్వు తెచ్చిపెట్టుకుని. "వెళ్లవే."

"నేను పట్టనండి," అంది వాల్‌బుర్గా. "నాకు పదమూడేళ్లు. అది నేనే రాశాను. మా అమ్మ పోయినప్పుడు రాశాను."

తండ్రి గోడకు చేరబడ్డాడు. కౌంటెస్ చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"పదమూడా? మా అక్క కూతురికీ పదమూడే. అదీ వాయిస్తుంది," అంది పక్కావిడతో. పక్కావిడ విసనకర్ర చాటున కిసుక్కున నవ్వింది. "అయితే ఇందులో వింతేముందండీ?"

పిల్ల చివరి ఆశతో ముసలాయన వైపు చూసింది. ఇందాక కళ్లు తుడుచుకున్న మనిషి ఆయనొక్కడే మరి.

ష్ట్రాట్నర్ ముక్కుపొడుం పట్టు పట్టి, మొహం తిప్పుకున్నాడు. "పదమూడంటే... రాయొచ్చు, రాయొచ్చు. పెళ్లయ్యేదాకా ఆడపిల్లలు ఏవో రాస్తూనే ఉంటారు."

అదే హాలు, అదే పాట, ఇందాకటి చెవులే! తొమ్మిదేళ్లకైతే అబద్ధం, పదమూడేళ్లకైతే మామూలు. ఈ రెంటి మధ్య ఆ పిల్ల నిలబడ్డానికి వియన్నాలో ఎక్కడా చోటు లేకపోయింది. అప్పుడే చాకొలెట్ కప్పులు వచ్చాయి, జనం వాటి వైపు తిరిగారు. ఒక నౌకరు వచ్చి తండ్రీకూతుళ్లకు పనివాళ్ల మెట్లు చూపించాడు.

బయట మంచు పడుతోంది. హోల్ట్సర్ ముందు నడిచాడు. కాలవ మీది వంతెన దగ్గర రాతిగట్టు మీద కూలబడ్డాడు.

"తిట్టు నాన్నా. పోనీ కొట్టు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీది నాదన్నాను. నన్నెవరు కొట్టాలే?"

"ఇక నా సొనాటా ఎవరు వింటారు నాన్నా?"

ఆయన కోటు జేబులోంచి గుడ్డ మూట తీశాడు. పొద్దుటి సగం రొట్టె. దాన్ని విరవకుండా అలాగే కూతురి చేతిలో పెట్టాడు.

"మొత్తం తినెయ్యి అమ్మా," అన్నాడు. "ఇక పెరిగినా ఫర్వాలేదు."

ప్రతి రాత్రీ ఆకలితో ముడుచుకు పడుకుని ఆ మాట కోసమే దేవుడికి దణ్ణం పెట్టుకున్న పిల్ల అది. రొట్టె కొరికింది, నమిలింది. ఎంతసేపటికీ మింగుడు పడలేదు.