మొదటి నంబరు గాలి

ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో పాత తువ్వాలు ముక్కతో ముందు అద్దం తుడుచుకుంటూ వెళ్లడం ఆమెకు ఆ చలికాలం అలవాటైపోయింది. తుడిచినంత మేర రోడ్డు కనిపిస్తుంది. నాలుగుసార్లు ఊపిరి వదిలేలోపు అద్దం మీద మళ్లీ ఆవిరి కమ్ముతుంది. ఆ ఆవిరిని ఊది పోగొట్టాల్సిన బ్లోయర్ సరిగ్గా పనిచేయడం మానేసింది. దాని మీటకి నాలుగు నంబర్లున్నాయి. మొదటి మూడింటి దగ్గరా చడీచప్పుడూ ఉండదు. నాలుగుకి తిప్పితే మాత్రం ఎవరో తరుముకొచ్చినట్టు గాలి మొహం మీద విరుచుకుపడేది. ఈమధ్య అదీ గరగరమని మూలిగి నీరసపడిపోతోంది. హీటరు పెట్టినా అంతే, ఏసీ పెట్టినా అంతే. చేసేది లేక కిటికీ అద్దం కాస్త దించి, భుజాలు బిగబట్టి, చలిలో నడుపుతోంది. ఆమె పనిచేసే వినికిడి పరీక్షా కేంద్రం పక్క ఊళ్లో ఉంది. చంటిపిల్లలు పాలు తాగి నిద్రపోతున్నప్పుడే పరీక్ష చెయ్యాలి గనక తెల్లారేసరికి అక్కడుండాలి. ఆ వేళకి బస్సు లేదు. బండి ఉంటేనే ఆ ఉద్యోగం ఉన్నట్టు.

మొదటిసారి చెప్పినప్పుడు భర్త పేపర్లోంచి తలెత్తలేదు. "మీట అలా ఎడాపెడా తిప్పితే ఏ బండైనా పాడవుతుంది. నా చేతిలో ఉన్నన్నాళ్లూ దానికి ఒక్క జబ్బూ లేదు" అన్నాడు. పక్కనే ఉన్న అత్తగారు ఔనంది. రెండోసారి చెబితే, "రెండు నెలల చలికి ఇంత గోలా?" అన్నాడు. మూడోసారి ఆమె చెప్పనేలేదు, ఆయనే చెప్పాడు, అన్నం కలుపుకుంటూ. "ఆదివారం మా ఆఫీసు క్యాషియరు బావమరిది వస్తాడు బండి చూడ్డానికి. ముసలిదైపోయింది, వదిలించుకుందాం." మరి నేనెలా వెళ్లాలని ఆమె అడిగితే, "చూద్దాంలే. కొన్నాళ్లు హాయిగా ఇంట్లో ఉండు, ఎవరొద్దన్నారు?" అని మజ్జిగ అందుకున్నాడు.

తన కోసం కొత్త బండి కొనుక్కున్నప్పుడు ఆయన ఈ పాతది ఆమెకిచ్చాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ మాట ఒకసారి రావలసిందే. "పెళ్లాం చేతికి బండి తాళాలిచ్చే మగాళ్లు ఎంతమందుంటారో చెప్పండి" అంటాడు. వచ్చినవాళ్లు ఆమె వైపు చూస్తారు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమె చాలాసార్లు ఆలోచించింది. మధ్యాహ్నాలు కేంద్రంలో పెద్దవాళ్లకి పరీక్ష చేస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడితే బొత్తాం నొక్కమంటుంది. కొందరు ఏమీ వినబడకపోయినా నొక్కేస్తుంటారు. వాళ్లది అబద్ధం కాదు. ఎదుటి మనిషి ఎదురుచూస్తోంది, నిరాశపరచకూడదు అన్న తొందర. అలాంటివాళ్లని ఆమె మొహం చూసి పోల్చుకోగలదు. తన మొహమే ఇన్నాళ్లూ పోల్చుకోలేకపోయింది. భర్త అటువైపు నుంచి కృతజ్ఞత కోసం ఎదురుచూస్తాడు, ఆమె బొత్తాం నొక్కుతుంది. లోపల మాత్రం ఏ శబ్దమూ వినిపించదు. నాలో ఏదో లోపం ఉంది, అందుకే ఎవరి మీదా కృతజ్ఞత పుట్టడం లేదు అని కూడా అనుకుంది కొన్నాళ్లు.

శనివారం భర్త ఆఫీసు పని మీద పొద్దున్నే వెళ్లిపోయాడు. వంటా అంట్లూ అయ్యాక ఆమె బండితో వచ్చిన పుస్తకం, స్క్రూడ్రైవర్లు, టార్చి పట్టుకుని బయటికి నడిచింది. వారం రోజులుగా వీలు దొరికినప్పుడల్లా ఆ పుస్తకమే చదువుతోంది, ఫోన్లో ఎవరెవరో బళ్లు విప్పుతుంటే చూస్తోంది. వరండాలో పప్పు ఏరుతున్న అత్తగారు చేట పక్కన పెట్టి, "ఎక్కడికి ఆ సరంజామా?" అని అడిగింది.

"బ్లోయర్ విప్పి చూద్దామని అత్తయ్యా."

"నీకు వచ్చా?"

"రాదు."

ఈ ఇంట్లో కోడలు పొయ్యి ఎలా వెలిగించాలో, తలుపు ఎలా వేయాలో కూడా చెప్పిన మనిషి అత్తగారు. బండి విషయంలో మాత్రం చెప్పడానికి ఏమీ దొరకలేదు కాబోలు, లేచి చెప్పులేసుకుంది. "టార్చి ఎవరు పడతారు మరి? ఇలా ఇవ్వు" అంది.

ఆమె ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది. నాలుగో నంబరుకి గాలి వస్తోందంటే ఫ్యూజు పోలేదు, మోటారూ పోలేదు. తక్కువ నంబర్లలో కరెంటు రెసిస్టర్ అనే చిన్న ముక్క గుండా వెళ్లి బలం తగ్గుతుంది. నాలుగో నంబరుకి ఆ ముక్కతో పనిలేదు, నేరుగా వెళ్లిపోతుంది. కాబట్టి పోయింది ఆ ముక్కే అయ్యుండాలి. ఈ ఆలోచనంతా ఆమె పైకే చెబుతూ పోయింది, చెవి పరీక్షలో ఒక్కో శబ్దాన్నీ విడదీసి చూసుకున్నట్టు. అత్తగారు శ్రద్ధగా విని, "మీ మామగారూ ఇంతే" అంది. "అయితే ఉలుకూపలుకూ ఉండదు, లేకపోతే నాలుగో నంబరు. మధ్యలో మనిషే లేడు."

ఆమెకి నవ్వాగలేదు. అత్తగారు నవ్వలేదు గానీ టార్చి వెలుగు కొంచెం ఊగింది.

ముందు సీటుకి ఎదురుగా ఉండే అరలోంచి సామానంతా తీసి, రెండు పక్కలా నొక్కి అరని కిందికి దించింది. దాని వెనక బ్లోయర్ నల్లటి డబ్బాలా ఉంది, పక్కనే రెసిస్టర్. రెండు స్క్రూలు విప్పి బయటికి తీస్తే, లోపలి తీగ కాలి తెగిపోయి కనిపించింది. అనుకున్నది అనుకున్నట్టే దొరికేసరికి ఆమె మనసు గంతేసింది. అయినా అక్కడితో ఆపలేదు. కాలిందంటే ఎందుకు కాలినట్టు? ఫ్యాను తేలిగ్గా తిరుగుతుంటే తీగ ఎందుకు కాలుతుంది? సీటు ముందు కాళ్లు పెట్టే చోట వెల్లకిలా పడుకుని, చెయ్యి పట్టని సందులో మణికట్టు గీరుకుపోతుంటే, బ్లోయర్ స్క్రూలు కూడా విప్పి దాన్ని ఒళ్లోకి దించుకుంది.

ఫ్యాను రెక్కల నిండా కాగితం. హోటళ్లలో చేతులు తుడుచుకోవడానికిచ్చే మెత్తటి కాగితాలు, తడిసి, ఆరి, చినిగి, గుజ్జులా రెక్కలకి చుట్టుకుపోయాయి. వాటి మధ్య చెక్కుచెదరనివి రెండు మూడు ఉన్నాయి. నాలుగు మడతలు పెట్టి, అంచు లోపలికి దోపి ఉన్నాయి. ఈ లోకంలో కాగితాన్ని అలా మడతపెట్టే మనిషి ఒక్కరే ఉన్నారు. ఎప్పుడు బయటికి వెళ్లినా బల్ల మీది కాగితాలన్నీ ఏరి, మడిచి, బండి అరలో కుక్కుతుంది అత్తగారు. అర నిండిపోయి వెనక్కి జారినవాటిని బ్లోయర్ లోపలికి పీల్చుకుంది. అది గాలి లాక్కునేది ఆ అర వెనక నుంచే.

ఆ క్షణంలో ఆమెకి కలిగింది సంతోషం. దాచుకోవలసిన పని లేదు, చిన్నపాటి దుష్ట సంతోషమే. పొయ్యి దగ్గర, తలుపు దగ్గర విన్న మాటలన్నిటికీ జవాబు కాగితపు గుజ్జు రూపంలో ఒళ్లో పడి ఉంది. సాయంత్రం భోజనాల దగ్గర దీన్ని బల్ల మీద పెడితే చాలు, నోరు కూడా విప్పక్కర్లేదు. టార్చి వెలుగు తన చేతుల మీంచి మెల్లగా పక్కకి జరిగిపోవడం అప్పుడు గమనించి తలెత్తి చూసింది. అత్తగారు ఇంటి గేటు వైపు చూస్తోంది.

"వాడికి చెప్పకమ్మాయ్" అంది, చాలా చిన్న గొంతుతో.

"ఇన్ని కాగితాలు ఎందుకు అత్తయ్యా?"

"సీటు మీద ఏదైనా పడితే తుడుద్దామని. ఒకసారి నీళ్లు ఒలికాయి గుర్తుందా, ఊరు చేరేదాకా ఎన్ని మాటలన్నాడు. అప్పట్నుంచి చేతికందేట్టు నాలుగు ఉంచుకుంటున్నా. వాటివల్ల ఇంతవుతుందని నాకేం తెలుసు."

ఆమె ఆ మొహం వైపు చూసింది. కళ్లు గేటు మీద, చెవులు ఏ బండి చప్పుడైనా వస్తుందేమో అని, జవాబు ముందే వెతుక్కుంటున్న పెదాలు. ఆ భయం ఆమెకి బాగా తెలుసు, రోజూ తను వేసుకు తిరిగేదే. అది ఇంకొకరి ఒంటి మీద, అందులోనూ ఆయన్ని కన్న మనిషి మీద కనిపిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. దుష్ట సంతోషం ఎటు పోయిందో పోయింది. "కాగితాలు పడ్డాయంటే సరిపోతుంది. ఎవరివని ఎవరడుగుతారు" అంది. టార్చి వెలుగు తిరిగి ఆమె చేతుల మీదికి వచ్చి, పని అయ్యేదాకా కదలకుండా నిలబడింది. ఆ ఇంట్లో ఆమె చేసే పనికి ఎవరైనా వెలుగు పట్టుకుని నిలబడటం అదే మొదలు. గీరుకున్న మణికట్టు మండుతుండగా, కాగితప్పీచు గోళ్లతో లాగుతూ, ఛాతీలో ఏదో వెచ్చగా కదిలితే ఏమిటా అని ఆగింది. కృతజ్ఞత. ఎవరూ అడగలేదు, ఎవరూ ఎదురుచూడలేదు, అదే వచ్చింది. లోపం తనలో లేదన్నమాట.

కొత్త రెసిస్టర్ కొనడానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. విడిభాగాల దుకాణంలో మనిషి కాలిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒకసారి సార్‌తో మాట్లాడించండమ్మా. తప్పుది పట్టుకెళ్తే వాపసు తీసుకోం" అన్నాడు.

ఆమె ఏదో అనబోయేలోపే అత్తగారు కౌంటరు మీద మోచేతులు ఆనించింది. "ఆ సార్‌ని కన్నది నేనే. వాడికి బ్లోయర్ ముందుంటుందో వెనకుంటుందో కూడా తెలీదు. ఇవ్వు బాబూ."

తిరిగొచ్చి ముక్క బిగించి, బ్లోయర్ ఎక్కించి, బ్యాటరీ తీగ తగిలించి, మీట ఒకటికి తిప్పింది. వచ్చిందా లేదా అన్నంత మెల్లగా గాలి వచ్చింది, వెచ్చగా. అత్తగారు గాలి ముందు అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. "ఇంత నెమ్మదిగా కూడా వస్తుందా ఇది" అంది.

ఆదివారం క్యాషియరు బావమరిది చెప్పిన వేళకే వచ్చాడు. భర్త అతన్ని బండి చుట్టూ తిప్పి చూపించి, "బ్లోయర్ ఒక్కటి కొంచెం..." అంటూ మీట తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, అన్నిట్లోనూ గాలి వచ్చింది. భార్య వైపు చూశాడు. బాగుచేశానని ఆమె చెప్పింది. ఆయన మొహంలో ఆశ్చర్యం నిలవడానికి టైము దొరకలేదు, ఆ వెంటనే సంబరం వచ్చేసింది. "మంచి పని చేశావ్. చూశారా అండీ, ఇప్పుడిక వంక పెట్టడానికేం లేదు. ధర విషయం మనం లోపల కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

బండి బాగైతే ఉంటుందనుకుంది ఆమె. బాగైంది గనక ఇంకా తేలిగ్గా పోతోంది. తనే తన చేతులతో దాన్ని అమ్మకానికి సిద్ధం చేసింది.

"ఒరేయ్, ఆగు." వరండా మెట్ల మీంచి అత్తగారు దిగి వచ్చింది. గొంతు వణుకుతోంది గానీ ఆగలేదు. "అది పాడుచేసింది నేను. నా కాగితాలు ఫ్యానులో పడ్డాయి. సీటు మీద మరక పడితే నువ్వు అరుస్తావని దాచుకున్న కాగితాలు. రెండు నెల్లు నువ్వు ఈ పిల్లనన్నావు, నేను కూడా ఔనన్నాను. బాగుచేసింది తను. బాగుచేసింది తను నడుపుకోడానికి."

"అమ్మా, బయటివాళ్ల ముందు ఏమిటిది? లోపలికెళ్లు."

అత్తగారు లోపలికి వెళ్లలేదు. బండి ముందు తలుపు తీసుకుని, సీట్లో కూర్చుని, తలుపేసుకుంది. నిన్న తనే దాచిపెట్టమని బతిమాలిన సంగతిని, ఎవరికి తెలిస్తే ప్రాణం పోతుందనుకుందో ఆ మనిషి మొహానే చెప్పేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా చూస్తోంది. అంత పెద్ద తెగింపు ఎవరైనా తన చేతిలో పెడితే, దాన్ని పట్టుకుని ఊరికే నిలబడకూడదు.

క్యాషియరు బావమరిది ఇబ్బందిగా నవ్వాడు. "ఇంతకీ బండి ఎవరు నడుపుతారండి?"

"నేనేనండి" అంది ఆమె. "రేపు పొద్దున్న కూడా నేనే నడుపుతాను. అమ్మడం లేదండి. మిమ్మల్ని అనవసరంగా శ్రమపెట్టాం, టీ తాగి వెళ్లండి."

అతను టీ తాగలేదు. గేటు చప్పుడయ్యేదాకా ఆగి భర్త ఆమె వైపు తిరిగాడు. అరవలేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగాడు.

"ఇలా మాట్లాడ్డం ఎవరు నేర్పారు నీకు?"

"అత్తయ్య" అంది. "ఇప్పుడే."