వదులు గాజులు

పెండ్లిళ్లకు తాను కిరాయికిచ్చే లౌడ్‌స్పీకర్ మిషన్ ఊరికే గుయ్యిమంటోందని, దస్తగీర్ దాన్ని రేడియోలు బాగుచేసే బాలనర్సింహ ఇంట్లో పెట్టి పోయాడు. పొద్దున్నుంచీ దానితో కుస్తీ పట్టి, లోపల ఊడిన తీగె అతికించాడు బాలనర్సింహ. మోత ఆగింది. హమ్మయ్య అనుకుని మైకు తగిలించగానే బూరలోంచి గాజుల చప్పుడు వచ్చింది.

మిషన్ లోపలి గాజుబుడ్డి, వాల్వు, చెడితే ఇట్లాగే గలగలమంటుంది. విసుక్కుంటూ వాల్వు మార్చాడు. చప్పుడు పోలేదు. మైకు తీగె పీకితే ఆగింది, మళ్లీ పెడితే మోగింది. అంటే మిషన్‌లో ఏ లోపమూ లేదు. చప్పుడు ఈ ఇంట్లోనే ఉంది.

ఇంట్లో ఉన్నది తల్లి కొమురమ్మ ఒక్కతే. నాయన పోయిన నాటినుంచి ఆమె చేతులు బోసివే.

మైకు పట్టుకుని గదంతా తిరిగాడు. గడప దగ్గర సన్నగా వినబడ్డ చప్పుడు, మూలనున్న విసుర్రాయి దగ్గర గట్టిగా మోగింది. రాయి మాత్రం కదలడం లేదు.

రోజూ ఆ రాయి తిప్పిన భార్య లలితమ్మ పోయిన నెల చనిపోయినప్పుడు, ముత్తైదువను బోసి చేతులతో సాగనంపకూడదని లాడ్ బజార్‌కు ఉరికి పచ్చ గాజులు తెచ్చింది అతనే. ఆ గాబరాలో కొలత మరిచాడు. పాడె లేచినప్పుడు వదులు గాజులు అటూ ఇటూ జారి అచ్చం ఇట్లాగే మోగాయి.

"బాలనర్సింహ భాయ్, మిషన్ బాగైందా?" వాకిట్లోంచి దస్తగీర్ కేకేశాడు.

బాలనర్సింహ మైకును విసుర్రాయి పక్కన మెల్లగా పెట్టాడు.

"ఇంకా కాలే భాయ్," అన్నాడు. "కొన్ని దినాలు ఈడనే ఉండనీ."