మేనమామని అడగలేదు

పిల్లల కేసులు చూడటం ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం. మేఘాలయ కొండల్లో ఖాసీల ఇంట్లో పుట్టి, ఖాసీల ఇళ్ల చుట్టూనే తిరిగినదాన్ని. మావాళ్ల సంగతి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదని నా ధీమా. కటక్ నుంచి బదిలీ మీద వచ్చిన మధుస్మిత ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని అడుగుతుంటే నవ్వొచ్చేది.

దాఫి ఫైలు రెండే పేజీలు. ఏడేళ్ల పిల్ల. తల్లి మెరిబా జ్వరంతో పోయి ఎనిమిది నెలలైంది. తండ్రి స్ఖెమ్ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. మాలో ఇల్లు ఆడవాళ్లది. భార్య పోతే మగవాడు తన అక్కచెల్లెళ్ల దగ్గరకు వెళ్లిపోతాడు, పిల్లలు తల్లి తరపువాళ్ల దగ్గర పెరుగుతారు. ఇతను కదల్లేదంటే ఇంటి మీద కన్నేసినట్టే. పిల్లని పిన్ని దగ్గరకు పంపాలని రాసి, సోమవారం జరిగే పిల్లల సంక్షేమ కమిటీ కోసం సంతకం కూడా పెట్టేశాను. ఆ కబురు ఊళ్లోకి అప్పుడే చేరిపోయింది.

"అక్కా, మేనమామ ఏమన్నాడు?" అంది మధుస్మిత ఫైలు చూస్తూ.

"ఏమంటాడు, అందరు మేనమామలూ అనేదే."

"అంటే అడగలేదా? మీ ఇళ్లల్లో ఆఖరి మాట మేనమామదేనని మొన్న నువ్వేగా చెప్పావు."

చెప్పాను, బడాయిగానే చెప్పాను. కానీ మేనమామ హంబోక్ ఊరు లోయలో ఉంది. రెండు వేల మెట్లు దిగాలి. నా మోకాళ్లను తలుచుకుని ఆ పని ఎగ్గొట్టాను.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం దిగాం. దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

"నీ ప్రశ్నల పుణ్యమా అని నా కాళ్లు పోయేట్టున్నాయి."

"ఎక్కేటప్పుడు నేను మోస్తాలే అక్కా," అంది. మనిషి చూస్తే నాలో సగం లేదు.

హంబోక్ ముందు వక్కాకు పెట్టాడు. పచ్చి వక్క అలవాటు లేక మధుస్మితకు చెమటలు పట్టాయి, కళ్లు తిరిగాయి. అయినా ఉమ్మకుండా నమిలింది. ముసలాయన ముచ్చటపడిపోయాడు.

"గట్టి పిల్లే. ఏంటి దారిషా, ఇంత దూరం వచ్చావు?"

"స్ఖెమ్ ఆ ఇంట్లో ఎందుకున్నాడు మామా?"

"నేనే ఉండమన్నాను."

తెరవబోతున్న ఫైలు మూసేశాను. ఆయనే చెప్పుకొచ్చాడు.

"మా బావ పద్ధతి ప్రకారం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. పిల్ల మూడు రోజులు గుమ్మంలోంచి లేవలేదు, అన్నం ముట్టలేదు. నేనే వెళ్లి వాణ్ణి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాను. పిల్ల పిన్ని కూడా సరేనంది. ఇల్లు దాఫిదే, అందులో తేడా లేదు."

"మరి ఆచారం?" అన్నాను.

"తల్లి పోయిన పిల్ల దిక్కులేనిది కాకూడదనే కదమ్మా ఆచారం? దీనికి దిక్కుంది. జడ మాత్రం వంకరగా వేస్తాడు. ఇంతకీ నువ్వు ఎవర్ని అడిగి రాశావు?"

ఇరవై రెండేళ్లలో అంత సిగ్గుపడింది లేదు. మధుస్మిత నా వైపు చూడకుండా బుద్ధిగా వక్క నములుతూ కూర్చుంది. ఆ క్షణంలో ఆ పిల్ల మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ఆయాసపడుతూ ఎక్కి, నేరుగా దాఫి ఇంటికి వెళ్లాం. గుమ్మం పక్కన చిన్న బట్టల మూట కట్టి ఉంది. స్ఖెమ్ మెట్టు మీద కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే అతని చేతులు ఆగిపోయాయి.

"సోమవారం దాకా ఉంచుతారనుకున్నాను," అన్నాడు. "ఒక్క నిమిషం, ఈ జడ అయిపోనివ్వండి."

నేను పిల్ల ముందు చతికిలబడ్డాను. మేనమామని అడగలేదు సరే, దీన్ని కూడా నేను ఒక్క మాట అడగలేదని అప్పుడు తట్టింది.

"దాఫీ, నువ్వెక్కడ ఉంటావే?"

తల తిప్పితే జడ ఊడిపోతుందేమోనని కదలకుండానే చెప్పింది.

"నాన్న దగ్గర. వంకరగా వేసినా పర్లేదు."

"స్ఖెమ్," అన్నాను, "ఆ మూట విప్పి బట్టలు లోపల పెట్టెయ్. జడకేం తొందర లేదు. రేపు కూడా నువ్వే వెయ్యాలి."