ఇంట్లో మానిన గాయాలు

ఎడమ చేత్తో గిన్నెలు తోమడం నాకు కొత్త కాదు. కుడి మణికట్టు వాచినప్పుడల్లా అదే పని. ఆ పొద్దున కూడా అలాగే తోమేసి డ్యూటీకి వెళ్లాను. నేను పారామెడిక్‌ని. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి పుళ్లు కడుగుతాను, సూదులు వేస్తాను, ఆయాసపడితే ఆక్సిజన్ పెడతాను. మా ఆయన బీమా కంపెనీలో క్లెయిములు చూస్తాడు. రోగిని అంబులెన్సు ఎక్కించి ఆస్పత్రికి చేరిస్తేనే వాళ్లు డబ్బులిస్తారు. ఇంట్లోనే నయం చేస్తే పైసా రాదు. "ఇంట్లో చేసేదీ ఒక వైద్యమేనా?" అని అన్నం తింటూ నవ్వేవాడు. ఆ అన్నమూ నేను ఇంట్లో వండిందే.

ఇంటి వైద్యానికి బీమా ఇవ్వాలా వద్దా అని ఆ రోజు కంపెనీ వాళ్లు మా పారామెడిక్‌లను పిలిచి అడిగారు. "పుండు ఇంట్లో మాన్పితే ఇవ్వరు. అది కుళ్లి కాలు తీసేస్తే మాత్రం ఇస్తారు. ఇదేం న్యాయం?" అన్నాను. పై అధికారి మొహం మాడింది. పక్కనే ఉన్న మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాడు.

"మా సారు ముందు నా పరువు తీస్తావా?"

జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. కింద పడ్డాక కుక్కర్ మూత అందుకున్నాడు. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారింది. ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. చేయి నొప్పి పుట్టాక ఆపాడు.

అత్తయ్య నా మందుల సంచీ తెచ్చి నా ముందే పెట్టింది. "నీకు చేతనైన పనేగా, కుట్టేసుకో. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు."

పెళ్లయినప్పటినుంచీ అదే చేశాను. అద్దం ముందు నిలబడి నన్ను నేనే కుట్టుకున్నాను. ఇంట్లో మాన్పిన గాయం బయట ఎవరి లెక్కలోకీ రాదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ ధీమాతోనే కొట్టాడు ఇన్నాళ్లూ. ఎంత ఒళ్లు మండిందో! సూదిలో దారం ఎక్కించినదాన్నల్లా సూది కింద పడేసి ఫోన్ అందుకున్నాను. లంక కాలితే నాకేం?

మా అంబులెన్సు బండే వచ్చింది. "పేషెంటు ఎవరక్కా?" అన్నాడు డ్రైవరు, గుమ్మంలోనే.

"నేనే."

"బండెక్కావో, మళ్లీ ఈ గడప తొక్కనివ్వను," అన్నాడు మా ఆయన.

నడవగలను. అయినా స్ట్రెచర్ మీద పడుకుని, వీధంతా చూస్తుండగా మోయించుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరు నా కంటి మీది నెత్తురు తుడుస్తూ, "ఎక్కడ పడ్డావమ్మా?" అంది.

"పడలేదు డాక్టర్. మా ఆయన కొట్టాడు. కుట్లు తర్వాత వేద్దురుగాని, ముందు పోలీసులను పిలవండి."